మూడుచోట్ల ఉన్న మాట

సువర్చలకు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఒక్క పేరు చెప్పాలా వద్దా అన్నదే తేలలేదు.

ఆమె ఒంగోలులో ఉంటుంది. 'వాకబు' అని ఒక పాడ్‌కాస్ట్ నడుపుతుంది. ఎప్పుడో జరిగి, ఎటూ తేలకుండా మరుగున పడిన సంగతుల్ని తవ్వి తీసి, వారానికొకటి చొప్పున చెప్పే కార్యక్రమం అది. గొంతు బాగుంటుందని కొందరు వింటారు. ఆమె చెప్పింది నమ్మొచ్చని వినేవాళ్లు అంతకన్నా ఎక్కువ. ఆ నమ్మకం ఊరికే రాలేదు. ఆమె పని చేసే పద్ధతి అలాంటిది.

కొత్త ఎపిసోడ్ అనుకోగానే కంప్యూటర్లో దాని పేరున ఒక ఫోల్డర్ తెరుస్తుంది. ఇంటర్నెట్లో దొరికిన ప్రతి పేజీనీ, ప్రతి వీడియోనీ, ఎవరో ఎక్కడో రాసిన కామెంటునీ తేదీతో సహా కాపీ చేసి అందులో దాచుకుంటుంది. రేపు ఆ పేజీ మాయమైపోయినా తన దగ్గర ఉంటుంది. తర్వాత పెద్ద పట్టిక వేస్తుంది. ఒక్కో వరసలో ఒక్కో మాట, దాని పక్కన ఆ మాట ఎన్నిచోట్ల కనిపించిందో. ఒక్కచోటే ఉంటే ఆ గడికి ఎరుపు రంగు. రెండుచోట్ల ఉంటే పసుపు. మూడుచోట్ల గానీ అంతకు మించి గానీ ఉంటే పచ్చ. మైకు ముందు కూర్చున్నప్పుడు పచ్చవి మాత్రమే చదువుతుంది. ఈ పద్ధతి మా పిల్లలకు నేర్పమని ఒక కాలేజీవాళ్లు పిలిస్తే వెళ్లి నేర్పి వచ్చింది కూడా.

ఈసారి సంగతి చింతలదిన్నె అనే ఊళ్లోని పఠనాలయానిది. అక్కడ అద్దాల బీరువాలో పాతకాలపు వైద్యం తాళపత్రాలు ఉండేవి. ముప్పై ఏళ్ల కిందట అవి కనిపించకుండా పోయాయి. దొంగ దొరకలేదు. ఇంటర్నెట్లో మాత్రం దొంగకు పేరుంది. అప్పట్లో పఠనాలయం చూసుకునే అనంతరామయ్య. చీకటి పడేవేళ తెల్ల జీపులో వచ్చినవాళ్లకు అతనే బీరువా తాళం తీసి ఇచ్చాడని ఇరవైకి పైగా చోట్ల ఉంది. పట్టికలో ఆ వరసంతా పచ్చ.

అనంతరామయ్య బతికే ఉన్నాడు. నరసరావుపేటలో కూతురి దగ్గర ఉంటున్నాడు. అతని ఫోన్ నంబరు కూడా ఫోల్డర్లో ఉంది. సువర్చల ఫోన్ చేయలేదు. చేసినవాడు చేశానని ఒప్పుకుంటాడా అనుకుంది.

ఆమె మాటలకు శబ్దాలు కూర్చి ఎపిసోడ్ తయారుచేసేది ఫిలిప్. అతను ఆ పేరు దగ్గర ఆగిపోయాడు. పేరు పెట్టి చెప్పడం అవసరమా అక్కా, ముసలాయన కదా అన్నాడు. ఆమెకు ఒళ్లు మండింది. ముసలివాడైతే చేసింది చెరిగిపోతుందా అని అడిగింది. పని మాత్రం ముందుకు కదల్లేదు. వెనక ఎవరైనా అతనితో మాట్లాడారేమో, అనంతరామయ్య తరఫువాళ్లెవరైనా తెలిసినవాళ్లు ఉన్నారేమో అని కూడా సువర్చలకు అనుమానం వచ్చింది. శుక్రవారం ఎపిసోడ్ రావాలి. మంగళవారం పొద్దున్నే మార్కాపురం బస్సెక్కింది, గురువుగారితో ఒక్కమాట అనిపించుకుంటే ఇక ఎవరూ అడ్డు చెప్పరని.

నాగలింగయ్య గురువుగారి మఠం మార్కాపురం దాటాక, హైవే పక్కన గుట్ట మీద ఉంటుంది. మఠమంటే పెద్దదేం కాదు. పలకరాయి కప్పిన నాలుగు గదులు, ముందు ఒక వసారా, వెనక వంటిల్లు. తండ్రి పోయిన ఏడాది మనసు బాగాలేనప్పుడు ఎవరో తీసుకొస్తే వచ్చింది సువర్చల. ఆయన దగ్గరే ఉపదేశం పుచ్చుకుంది. అప్పటినుంచీ ఏడాదికి రెండు మూడుసార్లు వచ్చి ఉండి వెళ్తుంది. అక్కడ వంట చూసే పేరమ్మకూ, సాయంత్రాలు తత్వాలు చదివి వినిపించే రిటైర్డు మాస్టారు సుబ్బరాయుడికీ, గుట్ట కింద మిరపచేను ఉన్న అంకమ్మకూ ఆమె 'ఒంగోలమ్మాయి'. ఒంగోలులో ఏదో కంప్యూటరు పని చేస్తుందని తెలుసు. అంతకు మించి వాళ్లు అడగలేదు, ఆమె చెప్పలేదు.

గురువుగారు వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. సువర్చల దణ్ణం పెట్టి, ఎదురుగా కూర్చుని, వచ్చిన పని చెప్పింది. లాప్‌టాప్ తెరిచి ఆయన ముందు పెట్టింది. ఫోల్డర్లు చూపించింది. ఏ మాట ఎక్కడ దొరికిందో చూపించింది. ఆయన కళ్లజోడు సర్దుకుని శ్రద్ధగా చూశారు. రంగులేంటని అడిగితే అదీ చెప్పింది.

"పచ్చగా ఉంటే పండినట్టా తల్లీ?" అన్నారాయన.

ఆమె నవ్వింది. ఈ వయసులో ఇవన్నీ ఆయనకేం తెలుస్తాయిలే అనుకుంది.

"గురువుగారూ, నిజం తెలిసినవాళ్లు చెప్పకుండా ఊరుకోవచ్చా?"

"తెలిసిందా?"

"ఇరవై చోట్ల చూశాను."

ఆయన ఒలిచిన గింజలు గిన్నెలోకి తోసి, "రెండ్రోజులు ఉండు" అన్నారు. గిన్నె పట్టుకుని లేచారు. మెట్ల దగ్గర అంకమ్మ పెరుగు తెచ్చి నిలబడి ఉంది. ఆమెతో ఏదో ఒక ముక్క అని, వంటింట్లోకి వెళ్లిపోయారు.

ఆ మధ్యాహ్నం సువర్చల రికార్డరు తీసుకుని గుట్టంతా తిరిగింది. ఎపిసోడ్లలో మాటల వెనక వినిపించడానికి శబ్దాలు కావాలి. గాలి హోరు పడకుండా బొచ్చు తొడుగు వేసిన మైకును ఒక కడ్డీకి తగిలించి పట్టుకుంది. పలకరాయి మీద గాలి, మేకల మెడల్లో గంటలు, హైవే మీద లారీల చప్పుడు, అన్నీ పట్టింది. కింద చేలల్లో అక్కడక్కడా పసుపు రంగు పూసిన రాళ్లు పాతి ఉన్నాయి. రోడ్డు వెడల్పు చేస్తారని చాన్నాళ్లుగా అంటున్నారు. ఎవరి చేను ఎంత పోతుందో ఎవరికీ చెప్పలేదు. సువర్చల ఆ రాళ్లను చూసింది గానీ పట్టించుకోలేదు. తిరిగొచ్చేటప్పుడు అంకమ్మ చేను గట్టున నిలబడి తనవైపే చూస్తుంటే చెయ్యి ఊపింది. అంకమ్మ ఊపలేదు. ఎండ కళ్లలో పడి కనిపించలేదేమో అనుకుంది.

మర్నాడు పొద్దున ఏదో తేడాగా ఉంది.

పేరమ్మ ఉప్మా పెట్టి, ఇంకాస్త వేసుకోమని అడక్కుండా వెళ్లిపోయింది. అడగని రోజంటూ లేదు. వంటింట్లో మాటలు వినిపిస్తున్నాయని సువర్చల చెంబు కోసం లోపలికి వెళ్తే, అప్పటిదాకా మాట్లాడుతున్నవాళ్లు మానేసి బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చున్నారు. రాత్రి ఆడవాళ్లంతా పడుకునే గదిలో అంకమ్మ చాప ఎప్పుడూ తన చాప పక్కనే ఉండేది. ఇప్పుడు చూస్తే గోడవారకు చుట్టిపెట్టి ఉంది. తన మైకు సంచీ జిప్పు తెరిచి ఉంది. తను వేసిందనే గుర్తు.

లోపల అన్నీ ఉన్నాయి. అయినా సంచీని తీసి భుజాన వేసుకుంది. ఇక దాన్ని దించలేదు.

వసారాలో మాస్టారు కనిపిస్తే పలకరించింది. ఆయన పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"మీ ఆఫీసు ఒంగోలులో ఎక్కడండీ?" అని అడిగాడు.

ఇన్నేళ్లుగా నువ్వు అని పిలిచిన మనిషి. ఆఫీసేం లేదు మాస్టారూ, ఇంట్లోనే చేసుకుంటానంది. ఆయన అలాగా అన్నాడు. నమ్మనివాళ్లు అనే అలాగా అది.

పొద్దెక్కేకొద్దీ ఆమె మనసులో ఎన్నో అనుమానాలు పుట్టాయి. ఫిలిప్ ఇక్కడికి గానీ ఫోన్ చేశాడా? అనంతరామయ్య చుట్టాలెవరైనా ఈ చుట్టుపక్కల ఉన్నారా? మాస్టారిది ఏ ఊరు, చింతలదిన్నె ఇక్కడికి ఎంత దూరం? తను చూపించిందంతా గురువుగారు వీళ్లకు చెప్పేశారా? ఆలోచించేకొద్దీ ఒక్కొక్కరి ముఖమూ ఏదో దాస్తున్నట్టే కనిపించింది. గురువుగారు మాత్రం గోడ నీడన కూర్చుని తెగిన మంచం నవారు బిగిస్తున్నారు. రెండుసార్లు ఆయన ముందునుంచే నడిచింది. తలెత్తలేదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక గిన్నెలు తోముకుంటూ పేరమ్మే ఉండబట్టలేక అడిగింది.

"మాకు ఎన్ని సెంట్లు పోద్దో అదన్నా చెప్పమ్మా."

"ఏంటి పోయేది?"

"కొలిచావుగా. నిన్నంతా గుట్ట చుట్టూ తిరిగి కడ్డీ పెట్టి కొలిచావు. పోయినసారి వచ్చినప్పుడు పైకెక్కి ఫోటోలు తీసింది కూడా అందుకే అంట. ఇన్నేళ్లూ మా మధ్య కూర్చుని అన్నం తింటివే, ఒక్క ముక్క ముందు చెప్తే ఏం పోయేదమ్మా నీకు?"

సువర్చలకు అప్పుడర్థమైంది. తనను సర్వే మనిషి అనుకున్నారు. రోడ్డు కోసం భూములు కొలిచి ఇవ్వడానికి, భక్తురాలినని చెప్పుకుని మఠంలో చేరిందనుకున్నారు. ఎప్పుడో సరదాగా తీసుకున్న ఫోటోలు కూడా ఇప్పుడు అందులో సాక్ష్యమయ్యాయి. మొదట ఏడుపు వచ్చింది. తర్వాత కోపం వచ్చింది. ఎవరన్నారో తేల్చందే ఊరుకోకూడదనుకుంది.

పేరమ్మను పట్టుకుని అడిగింది. మాస్టారే చెప్పాడంది. చదువుకున్నాయన, తెలియకుండా చెప్తాడా అంది.

మాస్టారి దగ్గరకు వెళ్లింది. ఆయన ఇబ్బందిపడ్డాడు. సర్వే అని తను అనలేదన్నాడు. గవర్నమెంటు తరఫున వివరాలు తీసుకోవడానికి వచ్చి ఉండొచ్చని మాత్రం అన్నాడట. అది కూడా సొంతంగా అనుకున్నది కాదు, అంకమ్మ వచ్చి చెప్పి బాధపడితే అన్నది. కడ్డీ పట్టుకుని తిరగడం చూశానని ఆమే చెప్పిందన్నాడు.

ఎండలో గుట్ట దిగి చేలోకి వెళ్లింది సువర్చల. అంకమ్మ మిరపమొక్కల మధ్య కలుపు తీస్తోంది. వంగినదల్లా లేవలేదు. సువర్చల అక్కడే మట్టిలో కూర్చుంది. ఆ మాట ఎక్కడిదని అడిగింది. నేను కల్పించి చెప్తానా, ఆ మాట గురువుగారే అన్నారంది అంకమ్మ.

"ఏమన్నారు? ఆయన అన్నది అన్నట్టు చెప్పు."

అంకమ్మ కొడవలి పక్కన పెట్టి గుర్తు తెచ్చుకుంది.

"సువర్చల వివరాలు సేకరిస్తా ఉంది, రెండ్రోజులు ఉంటది, అన్నారు."

"ఇంకా?"

"ఇంకేం లేదు. అంతే."

"భూమి అన్నారా? రోడ్డు అన్నారా?"

అంకమ్మ చుట్టూ ఉన్న చేను వైపు చూసింది. అర ఎకరం ఉంటుందేమో. అంచున పసుపు రాయి ఉంది. "ఈ రోజుల్లో వివరాలంటే ఇంకేం వివరాలమ్మా?" అంది.

సువర్చల గుట్టెక్కి సూటిగా గురువుగారి ముందుకు వచ్చి నిలబడింది. ఆయన నవారు బిగించడం అయిపోయి, మంచాన్ని చేత్తో నొక్కి చూస్తున్నారు.

"ఆ మాట మీరన్నారా గురువుగారూ?"

"అన్నాను."

"ఇట్లా అవుతుందని తెలిసే అన్నారా?"

"అన్నదాంట్లో అబద్ధం ఉందా?"

ఆమె ఆలోచించింది. లేదు. తను వివరాలు సేకరిస్తూనే ఉంది. రెండ్రోజులు ఉండమన్నది ఆయనే. ఆయన మీద కూడా అనుమానం ఇంకా పోలేదు. కావాలని చేశారా, మామూలుగా అన్నారా, ఆ ముఖం చూస్తే తెలియడంలేదు.

గురువుగారు మంచం మీద కూర్చుని, పక్కన చోటు చూపించారు. ఆమె కూర్చోలేదు.

"పేరమ్మ దగ్గర ఆగలేదు. మాస్టారి దగ్గర ఆగలేదు. ఇంత ఎండలో చేలోకి పోయి వచ్చావు" అన్నారు. "నీ సంగతి కాబట్టి మొదటిదాకా నడిచావు."

లేచి, మంచాన్ని ఎత్తి గదిలోకి తీసుకుపోయారు.

సువర్చల అక్కడే నిలబడిపోయింది. పేరమ్మ, మాస్టారు, అంకమ్మ. మూడుచోట్ల ఉన్న మాట. తన పట్టికలో అయితే అది పచ్చ.

తర్వాత వంటింట్లోకి వెళ్లి ముగ్గురినీ కూర్చోబెట్టి, సంచీ తెరిచి మైకు చూపించింది. నిన్న పట్టిన శబ్దాలు వినిపించింది. మేకల గంటలు విని పేరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. సంచీ తెరిచి చూసింది నేనేనమ్మా, లోపల కొలిచే టేపు గానీ ఉందేమోనని చూశానని చెప్పేసింది. మాస్టారు తలవంచుకుని, ఏమీ అనుకోకు తల్లీ అన్నాడు. నువ్వులోకి దిగాడు గానీ గొంతులో మునుపటి చనువు రాలేదు. అంకమ్మ అంతా విని, సరేలే అమ్మా, నమ్మాను అంది. నమ్మానంది గానీ, సాయంత్రం సువర్చల గదిలోకి వెళ్లి చూస్తే అంకమ్మ చాప గోడవారనే ఉంది.

ఆ చాపను చూస్తూ సువర్చల కొంతసేపు నిలబడింది. తర్వాత లాప్‌టాప్ తీసుకుని వసారాలోకి వచ్చింది.

గుట్ట మీద సిగ్నల్ సరిగా ఉండదు. పేజీలన్నీ తన దగ్గర దాచినవే కాబట్టి పనికి అడ్డం రాలేదు. చింతలదిన్నె ఫోల్డర్ తెరిచింది. ఎప్పుడూ ఎన్నిచోట్ల ఉందన్న లెక్క ప్రకారం పేర్చుకునేది. ఈసారి తేదీల ప్రకారం పేర్చింది. కొత్తవి పైన, పాతవి కింద. పైనుంచి ఒక్కొక్కటే చదువుతూ కిందికి దిగింది.

అన్నిటికన్నా పైనున్న వీడియోలోది ఒక వెబ్‌సైటు వ్యాసంలోనిది. మాటలు కూడా మారలేదు. ఆ వ్యాసం ఒక ఫేస్‌బుక్ గ్రూపులో ఎవరో రాసినదాన్ని ఎత్తి రాసింది. చీకటి పడేవేళ అన్న ముక్క అక్కడినుంచే మొదలు, దానికి ముందు ఎక్కడా లేదు. ఇంకా దిగితే జీపుకు తెలుపు రంగు పోయింది. ఇంకా దిగితే తాళం తీసి ఇచ్చాడన్నది పోయింది. 'అనంతరామయ్య ఉన్నప్పుడే జీపులో పట్టుకుపోయారు' అని మాత్రం మిగిలింది. ఇరవై చోట్లనుకున్నవి ఒకదాని మీద ఒకటి వాలి, చివరికి ఒకే చోటికి చేరాయి.

అది ఎవరో పెట్టిన పాత ఫోటో. పఠనాలయం లోపల, అద్దాల బీరువా. కింద రెండే కామెంట్లు. రెండోది: 'అప్పట్లో పఠనాలయం చూసుకున్నది అనంతరామయ్య గారు.' నిజమే. ఆయనే చూసుకున్నారు. అందులో ఇంకేం లేదు.

దానికి ముందు, అన్నిటికన్నా మొదటిది, పేరైనా సరిగా లేని మనిషి ఎవరో రాసింది: 'ఈ బీరువాలో తాళపత్రాలు ఉండేవి. ఎవరో జీపులో పట్టుకుపోయారట.'

సువర్చల దాన్ని మళ్లీ చదివింది. పట్టిక తెరిచి, ఆ కామెంటును తను ఎలా ఎక్కించిందో చూసింది. 'జీపులో పట్టుకుపోయారు.' చివరి 'ట' లేదు. అది తన చేత్తో టైపు చేసిందే.

ఫోన్ పట్టుకుని వసారా చివరకు వెళ్లి, సిగ్నల్ దొరికాక ఫిలిప్‌కు మెసేజ్ పెట్టింది. శుక్రవారం ఎపిసోడ్ లేదని, అతను అడిగింది సరైన సంగతేనని. తర్వాత ఫోల్డర్లో ఉన్న నరసరావుపేట నంబరు తీసింది. చేయబోయి, ఫోన్లో అడిగే సంగతి కాదనిపించి ఊరుకుంది. వచ్చి మళ్లీ కూర్చుంది.

వంటింట్లో పేరమ్మ కంచాలు పరుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. గురువుగారు కాళ్లు కడుక్కుని, తువాలుతో తుడుచుకుంటూ వచ్చారు.

"బువ్వ తినవా తల్లీ?"

"ఒక అక్షరం పోయింది గురువుగారూ."

"దొరికిందా?"

"దొరికింది. నేనే పారేశాను. నాకన్నా ముందు ఇంకొందరు పారేశారు."

ఆయన తువాలు భుజాన వేసుకున్నారు.

"ఎవరిదో తెలుసా?"

సువర్చల తలూపింది.

"అయితే తీసుకుపోయి వాళ్లకిచ్చిరా" అని, ఆయన వంటింట్లోకి వెళ్లారు.